కొట్టొద్దన్నారు సరే, పట్టుకోవడం ఎవరు నేర్పారు?

మా కోనసీమలో కాలవ గట్టు పక్కనే ఓ అంగన్‌వాడీ కేంద్రం ఉంది. మొన్న ఆయా లోపల పప్పుకి తాలింపు వేస్తోంది, టీచర్ ఫోన్‌లో వివరాలు ఎక్కిస్తోంది. మూడేళ్ల బుడ్డోడొకడు బాతుల వెంటపడి రేవు మెట్ల దాకా వెళ్లిపోయాడు. టీచర్ పరుగున వెళ్లి మణికట్టు దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజింది. నీళ్లలో పడకుండా ఆపింది గానీ, సాయంత్రానికి వాడు ఆ చెయ్యి ఎత్తడం మానేశాడు. మర్నాడు తల్లి వచ్చి ‘నా కొడుకు చెయ్యి విరగ్గొడతావా’ అని వీధంతా వినిపించేలా అరిచింది.

నేను టీచర్ పక్షమే. పిల్లల బాధ్యత చేతిలో ఉన్నవాళ్లు వాళ్లను హింసిస్తే శిక్షించడానికి 2015 బాలన్యాయ చట్టంలో 75వ సెక్షన్ ఉంది, ఉండాల్సిందే. కానీ ఆపాల్సి వస్తే ఎలా ఆపాలో నేర్చుకున్నామన్న టీచర్ నాకింతవరకు కనిపించలేదు.

చిన్నపిల్లల మోచెయ్యి దగ్గర ఎముకను పట్టి ఉంచే లిగమెంట్ ఇంకా వదులుగానే ఉంటుంది. మణికట్టు పట్టి గుంజితే ఎముక జారుతుంది. విరగదు, డాక్టరు చూస్తే చాలాసార్లు నిమిషాల్లో సర్దేస్తారు. అదే వెనకనుంచి చంకల కింద చేతులేసి ఎత్తుకుంటే ఈ గొడవే ఉండదు. తన్ని, కొరికే పిల్లాడైనా సరే, బోర్లా పడుకోబెట్టి వీపు మీద బరువు వేయకూడదు, ఊపిరాడదు. మెడ జోలికి వెళ్లనే కూడదు. ప్రమాదం తప్పగానే వదిలేయాలి. అన్నం తినలేదని, నిద్రపోలేదని అదిమి పట్టుకుంటే అది దౌర్జన్యమే. జరిగింది ఆ సాయంత్రమే తల్లికి చెప్పాలి. ఈ టీచర్ తప్పు అక్కడే ఉంది. టెన్షన్‌లో దాచేసింది.

పట్టుకోనిస్తే అదే కొట్టడానికి లైసెన్సవుతుందని కొందరంటారు. ఆ భయం ఉత్తది కాదు. అలాగని ముట్టుకోనే వద్దంటే, పేరు పెట్టి పిలిస్తే ఆగే వయసా అది?

అసలు నా కోపం వేరే. ఇద్దరు ఆడవాళ్ల మీద ఇంతమంది పిల్లల్ని, వంటని, రిజిస్టర్లని, యాప్‌లని వేశాం. 2023 డిసెంబరులో మొదలుపెట్టి మన రాష్ట్ర అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేస్తే, మధ్యలోనే వాళ్ల మీద ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించారు. సమ్మె చేస్తే అత్యవసర సేవ, జీతం అడిగితే గౌరవ వేతనం! శిక్షణ సంగతి అడిగేదెవరు? గోడ సంగతి మాత్రం? ఆ కేంద్రానికీ కాలవకీ మధ్య ఇప్పటికీ కొబ్బరి మట్టల దడే. కింద కంతలోంచి బాతులు వస్తూ పోతూనే ఉన్నాయి.