నూట పాతిక దాటకూడదు

(మా వంటింటి కిటికీకి సరిగ్గా ఎదురు పక్కింటి తాతయ్య, నాయనమ్మల వంటింటి కిటికీ. నేనేం చెవులు రిక్కించలేదు, వినపడింది అంతే.)

నాయనమ్మ: ఏమిటండీ ఆ సంచి?

తాతయ్య: బత్తాయిలు. బండివాడు కిలో డెబ్భై అన్నాడు, అరవైకి దించాను. రెండు కిలోలు, నూట ఇరవై. డాక్టరుగారు గీసిన గీతకి ఇంకా అయిదు రూపాయలు ఇవతలే ఉన్నాం.

నాయనమ్మ: ఏం గీత?

తాతయ్య: మనవడికి జ్యూసు రోజుకి నూట పాతిక దాటకూడదన్నాడుగా. నా చెవులతో విన్నాను.

నాయనమ్మ: మీ చెవి మిషను సొరుగులో ఉంది.

తాతయ్య: ఎంత మంచివాడే! ఫీజు తీసుకుంటే తీసుకున్నాడు గానీ, పెన్షన్ మీద బతికేవాళ్ళ బాధ తెలిసినవాడు.

నాయనమ్మ: నూట పాతిక ఎమ్మెల్ అండీ! మిల్లీలీటర్లు! అరగ్లాసు!

తాతయ్య: ఎమ్మెల్ అనలేదు.

నాయనమ్మ: రూపాయలు అన్నాడా?

తాతయ్య: (కాసేపు ఆలోచించి) అదీ అనలేదు. పెద్దమనిషి, డబ్బు మాట నోటితో అంటాడేమిటే?

నాయనమ్మ: రెండేళ్ళలోపు పిల్లలకి అసలే వద్దట. రెండు నుంచి అయిదేళ్ళ దాకా నూట పాతిక. అది దాటితే రెండొందల యాభై. పిల్లల డాక్టర్ల సంఘం 2019లోనే రాసిపెట్టిందని గోడ మీద కాగితం చూపించి మరీ చెప్పాడు.

తాతయ్య: చూశావా! అయిదేళ్ళకి రెట్టింపు. అప్పటికి ధరలెంత పెరుగుతాయో కూడా లెక్క వేశాడు.

నాయనమ్మ: భగవంతుడా.

తాతయ్య: మొన్నటి యాపిల్ జ్యూసు డబ్బా నూట ముప్ఫై అన్నాడు కొట్టువాడు. డాక్టరు ఒప్పుకోడయ్యా అన్నాను. నోరెత్తకుండా అయిదు తగ్గించాడు.

నాయనమ్మ: ఈ మాట కొట్లో అన్నారా? నలుగురిలో?

తాతయ్య: అందరూ మెచ్చుకున్నారు.

నాయనమ్మ: ఆ డబ్బా ఇలా ఇవ్వండి. (కళ్ళజోడు వెతికే చప్పుడు) ముందు 'వంద శాతం పళ్ళరసం' అని ఇంతింత అక్షరాలు. వెనక చూస్తే నీళ్ళు, చిక్కబెట్టిన యాపిల్ రసం. ఇలాంటివాటి మీద ఆ వంద శాతం మాట తీసేయమని 2024లో ఎఫ్ఎస్ఎస్ఏఐ, అదే తిండి సరుకుల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ, కంపెనీలకి చెప్పింది. ఇంకా ఇలా ఉందంటే ఎప్పటి సరుకో! డాక్టరు పేరుకి భయపడి తగ్గించాడనుకున్నారా?

తాతయ్య: పోనీ, పళ్ళరసం మంచిదే కదే. నాకు జ్వరమొస్తే మా అమ్మ బత్తాయి రసమే ఇచ్చేది.

నాయనమ్మ: జ్వరమొస్తే. మీరు వాడికి మూడువందల అరవై అయిదు రోజులూ జ్వరమన్నట్టు పోస్తున్నారు. పదకొండింటికి గ్లాసుడు తాగి, పన్నెండింటికి పప్పన్నం ముద్ద చూసి వాంతి నటిస్తాడు. యాపిల్ రసం ఎక్కువైతే పిల్లలకి కడుపు జారుతుందట. నిన్న జారింది. కడిగిందెవరు?

తాతయ్య: నువ్వే కడగాలి, నాకు నడుం...

నాయనమ్మ: అడగలేదు లెండి. గ్లాసు నిండాలంటే మూడు బత్తాయిలు పిండాలి. అవే మూడూ ఒలిచి చేతికివ్వండి, ఒకటిన్నర తిని పారిపోతాడు. పీచు నమలాలి కదా, ఆకలి అక్కడే తీరుతుంది. పిండితే పీచు చెత్తబుట్టకి, తీపి కడుపుకి. పైగా రాత్రి పక్కలో సీసా! ఆ పాలపళ్ళు పుచ్చితే మీ కట్టుడు పళ్ళు అప్పిస్తారా?

తాతయ్య: నోరా అది?

నాయనమ్మ: ఇదిగో, మీకూ ఒలిచాను. గింజలు తీశాను, చూసుకుని తినండి. నాలుగు తొనలే. మొన్న మీ షుగరు నూట ఎనభై.

తాతయ్య: నూట ఎనభై...

నాయనమ్మ: రూపాయలు కాదు.

(ఇక్కడ నేను చేత్తో నోరు మూసుకోవాల్సి వచ్చింది.)

తాతయ్య: సరే, వాడికి లెక్కగానే పోస్తాను. దగ్గుమందు మూత పది ఎమ్మెల్. పన్నెండున్నర మూతలు.

నాయనమ్మ: ఇంట్లో కొలత గ్లాసు ఉందండీ.

తాతయ్య: మందు మూతే నమ్మకం. ఒకటి... రెండు... మూడు...

(వంటింట్లో గిన్నెల చప్పుడు. కుక్కర్ ఈల వేసింది.)

నాయనమ్మ: ఎన్ని అయ్యాయి?

తాతయ్య: పన్నెండు. పైన అర.

నాయనమ్మ: గ్లాసులో అంగుళం కూడా లేదేం?

తాతయ్య: గ్లాసు పెద్దది.

నాయనమ్మ: ముందా మీసం తుడుచుకోండి.