మక్రీజీని పొగడడం ఆపి చదవాలి

మక్రీజీ లాంటి ప్రాచీన ఇస్లామీయ ఆలోచనాపరులను ఆర్థిక చర్చల్లో పొగుడుతారు గానీ నిజంగా చదవరు. 1981 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు రీగన్ తన పన్నుల కోతను సమర్థించుకుంటూ 14వ శతాబ్దపు అరబ్ చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ పేరెత్తారు. రాజవంశం మొదట్లో తక్కువ పన్నులతో ఎక్కువ రాబడి, చివర్లో ఎక్కువ పన్నులతో తక్కువ రాబడి అన్న మాట అప్పటి నుంచి ఎక్కడ చూసినా కనిపిస్తోంది. పన్ను రేటుకూ రాబడికీ ఉన్న సంబంధాన్ని చూపే, తన పేరు మీద ఉన్న వక్రరేఖ ఆలోచన తనకంటే ముందే ఇబ్న్ ఖల్దూన్‌లో ఉందని అమెరికా ఆర్థికవేత్త లాఫర్ కూడా ఒప్పుకున్నారు. అయితే ఇబ్న్ ఖల్దూన్ 1377 నాటి గ్రంథం 'ముఖద్దిమా'లోనే, పాలకుడు స్వయంగా వ్యాపారంలోకి దిగితే ఏమవుతుందో చెప్పే అధ్యాయం ఉంది. అధికారం ఉన్నవాడు సరుకు తన ధరకే కొంటాడు, తన ధరకే అమ్ముతాడు. పోటీపడలేక వర్తకులు దుకాణాలు మూసేస్తారు. వాళ్లు కట్టే పన్నూ పోతుంది. ఈ అధ్యాయాన్ని మాత్రం పన్నుల చర్చలో దాదాపు ఎవరూ ఎత్తరు.

ఇస్లామీయ ప్రాచీన ఆర్థిక ఆలోచన మీద వస్తున్న పరిశోధనలో చాలా భాగం ఇలా తమకు పనికొచ్చే వాక్యం ఏరుకునే రకమే. సూది తయారవడానికి పాతిక దఫాల పని జరగాలని 11వ శతాబ్దపు ఇస్లామీయ పండితుడు గజాలీ అన్నాడు, ఆడమ్ స్మిత్ గుండుసూది కర్మాగారం గురించి రాసింది 1776లో, కాబట్టి ముస్లిం పండితులే ముందు అని ఒక పేపర్ వస్తుంది. ఎవరు ముందు అన్న పోటీలో గెలిచినా ఆర్థిక శాస్త్రానికి కొత్తగా ఒరిగేదేమీ లేదు. ఆ పుస్తకాల్లో ఇంకా జవాబు దొరకని ప్రశ్నలున్నాయి. వాటిని ఈనాటి పరిశోధనలో పరీక్షకు పెట్టాలి. నా వాదన ఇదే.

మక్రీజీనే తీసుకోండి. 1364లో పుట్టిన ఈ చరిత్రకారుడు కైరోలో ముహ్తసిబ్‌గా, అంటే బజారు ధరలు, తూనికలు చూసే అధికారిగా పనిచేశాడు. 1400ల మొదట్లో ఈజిప్టులో ధరలు మండిపోయాయి, కరువొచ్చింది. నైలు సరిగా పొంగకపోవడమే కారణమని సరిపెట్టుకోవచ్చు. ఆయన సరిపెట్టుకోలేదు. లంచాలిచ్చి పదవులు కొనుక్కున్నవాళ్లు ఆ డబ్బు జనం దగ్గర రాబట్టుకుంటున్నారన్నాడు. భూమి కౌళ్లు పెరిగి సాగు ఖర్చు మోయలేనిదైందన్నాడు. వీటికి తోడు రాగి ఫులూస్ నాణేలను మితిమీరి ముద్రించారన్నాడు. ఆ తర్వాత చేసిన పని చూడండి. అవే సరుకుల ధరలను బంగారం, వెండి లెక్కలో చూస్తే పెద్దగా పెరగలేదని, రాగి లెక్కలోనే కొండెక్కాయని తేల్చాడు. సరుకు ప్రియమైందా, డబ్బు చవకైందా అన్న ప్రశ్నను బజారు తెలిసిన మనిషి అంత స్పష్టంగా విడదీశాడు. పైగా లంచాన్నీ, కౌలునీ, నాణేన్నీ ఒకే చట్రంలో పెట్టాడు. ఇవాళ అవినీతి మీద ఒకరు, ద్రవ్యోల్బణం మీద ఇంకొకరు, ఎవరి పేపర్ వాళ్లు రాసుకుంటున్నారు. ఆ మూడూ కలిసి ఎలా పనిచేస్తాయన్నది ఇప్పటికీ మంచి పరిశోధనాంశమే. నన్ను అన్నిటికంటే ఊపేసే సంగతి ఇది.

వడ్డీని నిషేధించే ఇస్లామీయ నియమాలకు లోబడి నడిచే ఇస్లామిక్ ఫైనాన్స్ వైపు పరిస్థితి ఇంకా బాధాకరం. అక్కడ పాత గ్రంథాన్ని ఆమోదముద్ర వేయడానికి వాడుతున్నారు. తవర్రుఖ్ అనే లావాదేవీ ఉంది. ఖాతాదారుకు నగదు కావాలి. బ్యాంకు లోహం కొని, లాభం కలిపి అతనికి వాయిదాల మీద అమ్ముతుంది. అతని తరఫున ఆ లోహాన్ని వెంటనే మూడోవాడికి నగదుకు అమ్మేస్తుంది. లోహం గోదాము దాటదు. ఖాతాదారు చేతికి నగదు వస్తుంది, నెత్తిన అంతకంటే పెద్ద బాకీ మిగులుతుంది. బ్యాంకులు ముందే కూడబలుక్కుని నడిపే ఈ పద్ధతి చెల్లదని ఇస్లామీయ న్యాయశాస్త్ర పండితుల సంస్థ అయిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 2009లో చెప్పింది. పాత న్యాయవేత్తలు ముదారబా అనే భాగస్వామ్య ఒప్పందం గురించి పేజీలకు పేజీలు రాశారు. పెట్టుబడి ఒకరిది, శ్రమ ఇంకొకరిది. లాభం ముందే ఒప్పుకున్న వాటాల్లో పంచుకుంటారు. నష్టం వస్తే డబ్బు పెట్టినవాడు డబ్బు పోగొట్టుకుంటాడు, పనిచేసినవాడు తన కష్టం పోగొట్టుకుంటాడు. లెక్కలు దాచే భాగస్వామిని ఎలా నమ్మాలన్న సమస్యతో వాళ్లు కుస్తీ పట్టారు. బ్యాంకులు ముదారబాను వదిలి అప్పులాంటి ఒప్పందాలకే ఎందుకు మొగ్గాయో తెలుసుకోవాలంటే ఆ పేజీలు చదవక తప్పదు.

ఇస్లామిక్ ఎకనమిక్స్ అన్నదే 20వ శతాబ్దపు అస్తిత్వ రాజకీయాల్లోంచి పుట్టిందని, పాత గ్రంథాల్లోకి కొత్త సిద్ధాంతాలను దూర్చి చదువుతున్నారని ఆర్థికవేత్త తిముర్ కురాన్ లాంటి వాళ్లు అంటారు. చాలా వరకు నిజమే. కానీ పశ్చిమాసియా ఎందుకు వెనకబడిందో చెప్పడానికి అదే కురాన్ వారసత్వ చట్టాన్నీ, వక్ఫ్ నియమాలనూ లోతుగా తవ్వారు. ఆ పాత ఆలోచనను సీరియస్‌గా తీసుకుంటే ఎలాంటి పరిశోధన వస్తుందో ఆయన పుస్తకాలే చూపిస్తున్నాయి.

అసలు జబ్బు ఇంకా లోపల ఉంది. ఎకనమిక్స్ తన గతాన్ని చదవడం మానేసింది. 13వ శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్‌కు ముందున్న 500 ఏళ్లు హాయిగా దూకేయొచ్చని ఆర్థికవేత్త షుంపీటర్ రాశారు, ఆ పుస్తకం 1954లో అచ్చయింది. 8వ శతాబ్దపు న్యాయవేత్త అబూ యూసుఫ్, గజాలీ ఆ ఖాళీలోనే పడిపోయారు. షుంపీటర్ కనీసం చరిత్ర చదివి దూకారు. ఇప్పుడు చాలా విభాగాల్లో ఆర్థిక ఆలోచనల చరిత్ర అనే పాఠ్యాంశమే లేదు. రిగ్రెషన్ అనే గణాంక విశ్లేషణ చకచకా చేసే విద్యార్థికి, తాను వాడే 'ద్రవ్యం' అన్న మాట మీద ఎన్ని వందల ఏళ్ల వాదం నడిచిందో తెలియదు. గజాలీ డబ్బును అద్దంతో పోల్చాడు. దానికి సొంత రంగు లేదు, అన్ని రంగులనూ చూపిస్తుంది. మానిటరీ ఎకనమిక్స్ మొదటి వారంలో ఈ పోలికనూ, దాని పక్కనే మక్రీజీ రాగి నాణేల అధ్యాయాన్నీ పెట్టండి. అరబిక్ చదవగలిగిన చరిత్రకారుణ్ణి, డేటా తెలిసిన ఎకనమిస్టును ఒకే ప్రాజెక్టులో కూర్చోబెట్టండి. కైరో ధరల గురించి మక్రీజీ రాసిపెట్టిన వివరాలతోనే వాళ్లు పని మొదలుపెట్టొచ్చు.