తాజా అధ్యయనం గారికి పెరంబూరు నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ తాజా అధ్యయనం గారి సముఖానికి,

చెన్నై పెరంబూరు నుంచి ఒక ఇల్లాలు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీరు క్షేమమని వేరే చెప్పనక్కరలేదు, రోజూ కనిపిస్తూనే ఉన్నారు. మేము క్షేమమో కాదో మాత్రం మీరే తేల్చాలి. నిన్న రాత్రి పడుకునే వరకు బాగానే ఉన్నాం.

మా ఇంటికి పాల ప్యాకెట్ కన్నా ముందు వచ్చేది మీరే. ఆరు గంటలకు మా వారి ఫోను టింగుమంటుంది. ఆయన కళ్లజోడు వెతుక్కుని, గొంతు సవరించుకుని, పంచాంగ శ్రవణం లాగా మొదలుపెడతారు: "తాజా అధ్యయనంలో తేలిందేమిటంటే..." ఎవరు తేల్చారు, ఎక్కడ తేల్చారు, ఎంతమందిని చూసి తేల్చారు అని నేను అడిగితే "అదంతా ఇందులో లేదు, తేలింది అంతే" అంటారు. నీళ్ల మీద తేలేవి ఏమేమిటో నాకు తెలుసు కాబట్టి మళ్లీ అడగను.

ముందు కాఫీ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం 1991లో కాఫీని మూత్రాశయ క్యాన్సర్ అనుమానితుల జాబితాలో నిలబెట్టింది. పాతికేళ్లు అలా నిలబెట్టి, 2016లో తగిన సాక్ష్యం లేదని విడిచిపెట్టింది. అదే విచారణలో ఇంకో మాట చెప్పింది: 65 డిగ్రీలు దాటిన వేడితో తాగేది ఏదైనా సరే, అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా దారితీస్తుందని. అంటే తప్పు కాఫీది కాదు, వేడిది. ఈ 2016 నాటి మాటను మీరు మొన్న మార్గశిరంలో "తాజా" అని మోసుకొచ్చారు. చేపల అంగట్లో అయితే మొప్ప ఎత్తి చూసి వెనక్కి పంపేదాన్ని.

అప్పటి నుంచి మా వంటింట్లో ఒక థర్మామీటరు కాపురం పెట్టింది. నేను డికాషన్ దించి, పాలు కలిపి, డబరాలో రెండు సార్లు తిరగబోసి, నురుగుతో చేతికి ఇస్తాను. ఆయన తాగరు. పుల్ల ముంచి చూస్తారు. డెబ్బై నాలుగు. ఇక శ్రీహరికోటలో లాగా వెనక్కి లెక్క: డెబ్బై ఒకటి, అరవై తొమ్మిది, అరవై ఏడు. అరవై ఐదుకు వచ్చేసరికి నురుగు చచ్చి, పైన మీగడ తెర కట్టి ఉంటుంది. ఆ తెరను చెంచాతో జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి అంటారు: "చల్లారిపోయిందోయ్, కాస్త వేడి చేసి ఇవ్వు." ఇక పరగడుపున ఆరోగ్యం కోసమని పొగలు కక్కే జీలకర్ర నీళ్లు తాగుతారు చూడండి, అందులో ఈ పుల్ల ఒక్కనాడూ మునగలేదు. ఆరోగ్యానికి తాగేది కాలదని కాబోలు.

గుడ్డు సంగతి తెలిసిందే. 1968లో అమెరికా గుండె సంఘం వారంలో మూడు పచ్చసొనలు మించవద్దంది. 2015లో అక్కడి ఆహార మార్గదర్శకాల నుంచి రోజుకింత కొలెస్ట్రాల్ అనే హద్దునే తీసేశారు. ఈ రెంటి నడుమ మా అత్తగారు పారబోయించిన పచ్చసొనల లెక్క ఎవరు చెబుతారు?

మీ ఎలుకల విషయం కూడా ఈ సందర్భంలోనే అడగాలి. "మతిమరుపు మాయం", "కొవ్వు కరిగింది", "కణితి కనబడలేదు" అని శీర్షికలో మీరు ఊరేగుతారు. ఏడో పేరాలో, అదీ నిట్టూర్పు లాంటి చిన్న వాక్యంలో, ఇదంతా ఎలుకల్లో అని ఉంటుంది. పెరంబూరు మురుగు కాలువల్లో పందికొక్కులు ఇంత పుష్టిగా ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైంది. వాటి బంధువులకు నయం కాని జబ్బంటూ మిగిలినట్టు లేదు.

ఇక మీ శాతాలు. ఆడి మాసంలో టి. నగర్ వెళితే ప్రతి అంగడి మీదా "50 శాతం తగ్గింపు" అని ఉంటుంది. నేను చీర ముట్టుకునే ముందు అసలు ధర చీటీ తిప్పి చూస్తాను. మీరు "ముప్పు 50 శాతం పెరిగింది" అంటారు, చీటీ మాత్రం చింపేసి వస్తారు. వెయ్యి మందిలో ఇద్దరికి వచ్చేది ముగ్గురికి వచ్చినా యాభై శాతమే, రెండు వందల మందికి వచ్చేది మూడు వందల మందికి వచ్చినా యాభై శాతమే. మొదటిది విని నేను కూర తాలింపు వేసుకుంటాను, రెండోది విని ఆస్పత్రికి పరుగెడతాను. ఏది విన్నానో చెప్పాల్సింది మీరు కదా!

మీరు ఇంట్లో మరిచి వచ్చే సగం వల్ల ఒకసారి ప్రాణం మీదికి వచ్చింది. మా బావగారికి గుండెలో స్టెంటు ఉంది. ఒక ఉదయం మీరు "రోజూ ఆస్పిరిన్ వేసుకుంటే లాభం లేదు, రక్తస్రావం ముప్పు" అని వచ్చారు. ఆయన ఆ రోజే మాత్ర మానేశారు. ఎనిమిది రోజుల తర్వాత డాక్టరు గారికి తెలిసి, అరవై తొమ్మిదేళ్ల మనిషిని బడిపిల్లవాణ్ణి తిట్టినట్టు తిట్టారు. మీ మాట అబద్ధమా? కాదు. 2018లో వచ్చిన పరిశోధన అది. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది వృద్ధులను ఏళ్ల తరబడి చూసి చెప్పారు. కానీ వాళ్లంతా అప్పటివరకు గుండెపోటు గానీ పక్షవాతం గానీ రానివాళ్లు. స్టెంటు ఉన్నవాళ్ల గురించి అందులో ప్రసక్తే లేదు. ఆ ఒక్క వాక్యం మోయడానికి మీకు అంత బరువైందా?

చపాతీ గురించి రాయకపోతే మా వారు నొచ్చుకుంటారు. చక్కెర భయంతో ఆయన రాత్రిపూట అన్నం మానేశారు. బదులుగా ఆరు చపాతీలు, పైన "ఇదొక్కటి మిగిలిపోయిందే" అని ఏడోది. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉందని 2023లో లెక్క తేల్చినవాళ్లు మా చెన్నై మధుమేహ పరిశోధకులే. మనవాళ్లు తినే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందనీ, ఆ పిండిపదార్థాల మొత్తాన్ని తగ్గించకుండా తెల్లన్నం బదులు గోధుమో చిరుధాన్యమో పెట్టుకున్నంత మాత్రాన ముప్పు తగ్గినట్టు కనబడలేదనీ 2025లో చెప్పిందీ వాళ్లే. ఇది మాత్రం ఆయన ఫోనుకు రాలేదు. నేనే చదివి వినిపించాను. "ఇదంతా ఎవరు తేల్చారు?" అని అడిగారు. పెళ్లయ్యాక ఆ ప్రశ్న ఆయన నోట వినడం అదే మొదలు.

అసలు మీ మీద నా కోపం ఎక్కడిదో ఇప్పుడు చెబుతాను. మా ఇంటి నుంచి ఆటోలో పోయేంత దూరంలో, చేత్‌పట్‌లో, మీ ఇంటి ఆడపడుచు ఒకావిడ ఉంది. మీరు ఒక్కరోజూ ఆమె పేరెత్తరు. 1956లో క్షయ చికిత్సకు అక్కడ ఒక పరిశోధన కేంద్రం పెట్టారు, నేను ఆడపడుచు అంటున్నది అక్కడి పరిశోధననే. అప్పట్లో క్షయ అంటే శానిటోరియం, మంచి గాలి, పాలు, గుడ్లు, నెలల తరబడి మంచం. ఆ కేంద్రం వాళ్లు 193 మంది పేద రోగులను చీటీ వేసినట్టు రెండు భాగాలు చేసి, కొందరిని శానిటోరియంకు, కొందరిని ఇరుకు ఇళ్లకే మాత్రలిచ్చి పంపారు. ఏడాది తర్వాత చూస్తే రెండు చోట్లా నయమైనవాళ్లు ఇంచుమించు సమానం. ఇంట్లోవాళ్లకు అంటడమూ ఎక్కువ కాలేదు. 1959లో అది అచ్చయింది. ప్రపంచమంతటా శానిటోరియం మంచాలు ఖాళీ కావడానికి దారి చూపింది అదే.

ఆ కేంద్రమే ఇప్పుడు జాతీయ సంస్థగా మారి, ఇతరులతో కలిసి, ఝార్ఖండ్‌లో ఇంకో ప్రయోగం చేసింది. క్షయ రోగి ఇంట్లోని మిగతా పెద్దవాళ్లకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, కొన్ని విటమిన్ మాత్రలు. అంతే. 2023లో ఫలితం వచ్చింది. చీటీ చింపకుండా చెబుతున్నాను: ఆ మూట అందని ఇళ్లలో వందకు 2.6 మందికి క్షయ వచ్చింది, అందిన ఇళ్లలో 1.7 మందికి. మిగతా తేడాలన్నీ సరిచూసుకుంటే 39 శాతం తగ్గుదల. ముందు ప్రయోగంలో తిండి ముఖ్యం కాదని, ఇందులో ముఖ్యమని అనిపించవచ్చు. వచ్చిన జబ్బును మందు తగ్గించడం వేరు, రాకుండా తిండి కాపాడటం వేరు. ఎలుకలు లేవు, మాయం కావడాలు లేవు. కందిపప్పు ఉంది. అందుకేనేమో, మా కుటుంబ గుంపులో ఉన్న నలభై ఇద్దరిలో ఒక్కరూ దాన్ని పంపలేదు.

రేపు ఉదయం ఆరింటికి ఎలాగూ వస్తారు, రావద్దంటే మానరు. చీటీ జేబులో పెట్టుకుని, ఎలుకలను గుమ్మం బయట వదిలి, ఆడపడుచును వెంటబెట్టుకుని రండి. కాఫీ ఇస్తాను.

ఇట్లు,
పెరంబూరు ఇల్లాలు

తా.క.: థర్మామీటరులో బ్యాటరీ అయిపోయింది. కొత్తది తెమ్మని ఆయన రెండు సార్లు చెప్పారు. అంగడికి వెళ్లినప్పుడల్లా మరిచిపోతున్నాను.