సలహాలు, ఫిర్యాదుల పెట్టె గారికి బహిరంగ లేఖ

అయ్యా పెట్టె గారూ,

ఉభయకుశలోపరి. మీ కుశలం సంగతి నాకు కొంచెం అనుమానమే అనుకోండి. తాళం తుప్పు పట్టింది, చీటీ వేసే సందులో ఎవరో చాక్లెట్ కాగితం కుక్కారు, మీ నుదుటి మీద అంటించిన "మీ సలహాలే మా బలం" స్టిక్కర్ మొదటి సగం ఊడిపోయి "మా బలం" ఒక్కటే మిగిలింది. అబద్ధం ఊడి నిజం మిగిలింది కాబట్టి కాబోలు, దాన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు.

మిమ్మల్ని ఎగతాళి చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఆ బాపతు కాదు. బడి, ఆఫీసు, ఆస్పత్రి, సంఘం, పార్టీ, ఎక్కడైనా సరే "మా దగ్గర ఎవరైనా ఏదైనా చెప్పొచ్చండీ" అని పెద్దమనిషి అన్నప్పుడు చెయ్యి చాపి చూపించడానికి ఒక వస్తువు కావాలి కదా, ఆ వస్తువు మీరు. మన గురించి మనకు నచ్చని మాటను, మన కింద పనిచేసేవాడి నోటి నుంచి, మధ్యలో ఫోన్ చూసుకోకుండా కూర్చుని వినడం ఎంత నరకమో తెలుసా మీకు? అంత కష్టాన్ని నాలుగు మేకులతో గోడకు కొట్టి, తాళం వేసి, తాళంచెవి పారేసిన ఘనత మీదే.

మీది నిన్నమొన్నటి వంశం కూడా కాదు. 686లో చైనాలో అధికారం చేతిలో పెట్టుకుని కూర్చున్న వూ జెత్యాన్ అనే మహారాణి కంచుతో పెట్టె చేయించింది. అందులో నాలుగు అరలు. తమ ప్రతిభ చెప్పుకుని కొలువు అడిగేవాళ్ళకు ఒకటి, ప్రభుత్వాన్ని విమర్శించేవాళ్ళకు ఒకటి, అన్యాయం జరిగిందని మొరపెట్టుకునేవాళ్ళకు ఒకటి, శకునాలూ రహస్య కుట్రలూ చెప్పేవాళ్ళకు ఒకటి. విమర్శకు విడిగా అర! ఈ రోజుల్లో ఏ సంస్థ ఇస్తుందండీ? కాకపోతే ఆ పెట్టెకు పేరొచ్చింది మాత్రం చాడీలతోనే. అన్నిటికన్నా గొప్ప సంగతేమిటంటే, దాన్ని ఎలా కట్టాలో చెప్పి చేయించి ఇచ్చిన పెద్దమనిషి మీదే కొన్నాళ్ళకు ఒక చీటీ పడింది, గతంలో తిరుగుబాటుదార్లకు ఆయుధాలు చేసిపెట్టాడని. ఆయన ప్రాణం తీశారు. తన సృష్టి చక్కగా పనిచేస్తోందని చచ్చేముందు గర్వపడ్డాడో లేదో చరిత్ర చెప్పదు.

వెనిస్ వాళ్ళు మరీ దాపరికం లేని మనుషులు. పాలకుడి భవనం గోడల్లో రాతి ముఖాలు చెక్కించి, జనం ఒకరి మీద ఒకరు రాసుకున్న ఫిర్యాదులు వాటి నోళ్ళలో వేసే ఏర్పాటు చేశారు, సింహం నోళ్ళని పేరు కూడా పెట్టారు. చెయ్యి పెడుతున్నది సింహం నోట్లో అని ముందే చెప్పేశారు కాబట్టి మోసం లేదు.

ఇక మీ వంశంలో ఒకాయన గురించి మీకు చెప్పాలి. చెడిపోయాడని మీవాళ్ళు వెలేసి ఉంటారు, అందుకే మీకు తెలిసుండదు. 1721లో జపాన్‌ను ఏలుతున్న షోగన్ తోకుగావా యోషిమునే, అప్పట్లో "ఎదో" అనీ ఇప్పుడు టోక్యో అనీ పిలిచే నగరంలో ఒక పెట్టె పెట్టించాడు. చీటీ మీద పేరూ చిరునామా ఉండాల్సిందే, లేకపోతే ఆ చీటీని కాల్చేసేవాళ్ళు. ఇది విని, ఓహో మళ్ళీ చైనా కథే అనుకుంటాం. కానీ ఆ పెట్టె తాళంచెవి షోగన్ దగ్గరే ఉండేది, చీటీలు ఆయనే చదివేవాడు, మధ్యలో "సారాంశం" తయారు చేసి పైకి పంపే మేనేజర్ లేడు. యామషితా కోనాయ్ అని, కొలువు కూడా లేని ఒక సమురాయ్, ఆ షోగన్ పెట్టిన పొదుపు విధానాన్నే ఉతికి ఆరేస్తూ పెద్ద అర్జీ రాసి, కింద తన పేరు రాసి మరీ వేశాడు. షోగన్ అతని తల తియ్యలేదు, పైగా మెచ్చుకున్నాడు. ఒగావా షోసెన్ అనే వైద్యుడు, దిక్కులేని పేద రోగులు చచ్చిపోతున్నారు, వాళ్ళకో ఆస్పత్రి కట్టండని రాస్తే 1722లో ఆస్పత్రి లేచింది. వైద్యం ఉచితం, నిర్వహణ ఆ వైద్యుడికే అప్పగించారు, 140 ఏళ్ళకు పైగా నడిచింది. ఒక్క చీటీకి! షోసెన్ రాసింది సలహానా ఫిర్యాదా మీరే చెప్పండి. మీ మీద రెండు మాటలూ విడివిడిగా రాసి ఉంటాయి గానీ, లోకంలో కొత్త ఆలోచన అన్నది చాలాసార్లు ముందు ఫిర్యాదు వేషంలోనే వస్తుంది, "ఇది బాగాలేదు" అని ఒకడు సణగడంతో మొదలవుతుంది. అందుకే ఫిర్యాదులు వద్దు, ఐడియాలు మాత్రమే తీసుకురండి అనే ఆఫీసులకు రెండూ రావు.

అదే పెట్టె, అదే సందు, ఒకచోట తలలు తెగాయి, ఇంకోచోట ఆస్పత్రి వచ్చింది. తాళంచెవి ఎవరి దగ్గరుంది, చీటీ రాసినవాడికి మర్నాడు ఏమైంది, నేను మీ జాతకం చూసేది ఈ రెంటితోనే. మీ రంగు, మీ స్టిక్కర్, మీ పక్కన పెట్టిన పెన్నుకు కట్టిన దారం, ఇవేవీ నాకు అక్కర్లేదు.

మీ కుటుంబంలో కొత్త తరం ఇప్పుడు కంప్యూటర్లోకి మారింది, శుభం. "అజ్ఞాత అభిప్రాయ సేకరణ" అట. మీ పేరు మాకు అక్కర్లేదండీ, నిర్భయంగా రాయండి అంటుంది. లోపలికి వెళ్ళాలంటే ఉద్యోగి నంబరు కొట్టాలి. తర్వాత విభాగం, వయసు, ఆడా మగా, ఏ సంవత్సరంలో చేరారు, ఎవరి కింద పనిచేస్తున్నారు. ఇన్నీ నింపాక ఆ వర్ణనకు సరిపోయే జీవి భూమ్మీద ఒక్కటే ఉంటుంది, దానికి టెన్షన్ మొదలై అన్నిటికీ "చాలా సంతృప్తి" నొక్కి బయటపడుతుంది. నెల తర్వాత మా ఉద్యోగులు చాలా సంతోషంగా ఉన్నారని పెద్దాయన స్టేజీ ఎక్కి చెబుతాడు, అందరూ చప్పట్లు కొడతారు, అదీ సంతోషంగానే.

ఒక దేశం దేశాన్నే పెట్టెగా మార్చిన వైనం కూడా ఉంది. 1956, 57 ప్రాంతంలో మావో చైనాలో "నూరు పూలు వికసించనీ" అని మేధావులను పిలిచి విమర్శించమన్నారు. పాపం నమ్మి రాశారు, గోడల మీద కూడా రాసి అంటించారు. 1957లోనే గాలి తిరిగింది, అయిదు లక్షల మందికి పైగా "మితవాదులు" (రైటిస్టులు, అంటే పార్టీకి వ్యతిరేకులు) అన్న ముద్ర పడి ఉద్యోగాలు పోగొట్టుకుని, శ్రమ శిబిరాల దాకా వెళ్ళారు. ఆ తర్వాత అక్కడ చీటీ వెయ్యడానికి ఎవరికైనా చెయ్యి వస్తుందా? మాట్లాడమని పిలిచి కొట్టిన దెబ్బ, మాట్లాడొద్దని కొట్టిన దెబ్బ కన్నా ఎక్కువ కాలం పనిచేస్తుంది.

మీ పనితనానికి ఇంకో గొప్ప ఉదాహరణ ఇస్తాను, ఇది నియంతల దేశం కాదు, సైన్సు చదువుకున్న పెద్దమనుషుల వ్యవహారం. 1986 జనవరి 27 రాత్రి, మర్నాడు ఛాలెంజర్ అంతరిక్ష నౌక ఎగరాలి. చలి బాగా ఉంది, ఈ చలిలో రాకెట్‌లోని రబ్బరు రింగులు బిగుసుకుపోతాయి, ఎగరనివ్వొద్దని ఆ రాకెట్‌ను తయారు చేసిన మోర్టన్ థయోకాల్ కంపెనీ ఇంజనీర్లు ఫోన్ మీటింగులో మొత్తుకున్నారు. వాళ్ళలో రోజర్ బోజొలే అయితే ఆరు నెలల ముందే, 1985 జులైలో, ప్రాణాలు పోతాయని రాతపూర్వకంగా హెచ్చరించాడు. నాసావాళ్ళు విసుక్కున్నారు. కంపెనీ పెద్దలు కాసేపు విడిగా మాట్లాడుకున్నారు, అప్పుడే ఒకాయన ఇంకొకాయనతో ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమన్నాడు. టోపీ మారింది, అభిప్రాయం మారింది. మర్నాడు నౌక ఎగిరిన 73 సెకన్లకు ముక్కలై ఏడుగురు చనిపోయారు. బోజొలే విచారణ సంఘం ముందు నిజం చెప్పినందుకు సొంత కంపెనీలోనే వెలివేసినట్టు చూశారు.

తమాషా ఏమిటంటే, అదే నాసా అప్పటికే పదేళ్ళుగా ఒక అద్భుతమైన పెట్టెను నడుపుతోంది, తనకోసం కాదు, విమానాలవాళ్ళ కోసం. 1974లో వాషింగ్టన్ దగ్గర ఒక విమానం కొండను ఢీకొని 92 మంది పోయారు. దానికి ఆరు వారాల ముందే ఇంకో కంపెనీ విమానం అదే దారిలో, అదే పొరపాటుతో, త్రుటిలో తప్పించుకుంది. ఆ కంపెనీ తన పైలట్లకు చెప్పుకుంది గానీ ఆ మాట పక్క కంపెనీ పైలట్ల దాకా వెళ్ళే దారి లేకపోయింది. 1976లో పెట్టిన ఏర్పాటు ప్రకారం పైలట్ తన తప్పు తానే రాసి పంపొచ్చు. కావాలని చేసిందీ నేరమూ కాకుండా, గడువులోగా రాస్తే జరిమానా ఉండదు. జరిమానా వేసే శాఖ చేతికి కాగితం వెళ్ళదు, నాసా మధ్యలో ఉండి పేరున్న ముక్కను చించి రాసినవాళ్ళకే తిరిగి పంపేస్తుంది. తెలుసుకున్న పాఠాన్ని అందరికీ పంచుతుంది. అంటే వినడం ఎలాగో వాళ్ళకు తెలుసు. తమ దగ్గరికి వచ్చేసరికి టోపీ అడ్డొచ్చింది.

అందరూ ఒప్పుకున్నప్పుడు ఒక్కడు కాదంటే ఏమొస్తుంది అంటారా? 1950ల్లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గీతల పొడవు పోల్చమని చిన్న పరీక్ష పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా, ముందే మాట్లాడుకుని, తప్పు జవాబు చెబుతుంటే, నిజంగా పరీక్షకు వచ్చినవాళ్ళు దాదాపు మూడో వంతు సార్లు కళ్ళెదుట ఉన్నదాన్ని వదిలేసి గుంపుతో పాటే తప్పు చెప్పారు. గుంపులో ఒకే ఒక్కడు సరైన జవాబు చెబితే అది ఐదారు శాతానికి పడిపోయింది. నాకు నచ్చిన ముక్క ఇంకోటి ఉంది: ఆ ఒక్కడు చెప్పింది కూడా తప్పే అయినా, గుంపు కన్నా వేరేగా చెబితే చాలు, పరీక్షకు వచ్చినవాళ్ళు చాలా వరకు తమ కళ్ళనే నమ్ముకున్నారు. మీటింగుల్లో అడ్డం తిరిగేవాడి మాట ప్రతిసారీ కరెక్టు కానక్కర్లేదు, వాడు అక్కడ ఉంటే చాలు. అలాంటివాణ్ణి మనం "టీమ్ స్పిరిట్ లేదు" అని రాసి పక్కన పెడతాం.

కళల సంగతికొస్తే ఒక్క మాట. 1863లో పారిస్ అధికార ప్రదర్శనకు వచ్చిన బొమ్మల్లో సగానికి పైగా న్యాయనిర్ణేతలు తిప్పికొడితే గోల లేచింది, మూడో నెపోలియన్ చక్రవర్తి వాటిని వేరే గదుల్లో పెట్టండి, జనమే చూసుకుంటారని చెప్పాడు. జనం వచ్చి పడీపడీ నవ్వారు. జనం నవ్విన ఆ బొమ్మల్లో, తర్వాత మహా చిత్రకారుడని పేరొచ్చిన ఎద్వార్ మానే బొమ్మలు కూడా ఉన్నాయి. చక్రవర్తికి కళాభిరుచి ఉందని నేననను, ఆయన చేసింది తిరస్కరించిన చీటీలను చించకుండా గోడకు తగిలించడం, అంతే. మీ లోపల కూడా ఎవరైనా తిరస్కరించినవి ఉండాలిగా? ఉన్నవన్నీ ఎవరూ చదవనివేనా?

కాబట్టి పెట్టె గారూ, నా కోరికలు మూడే. ఒకటి, ప్రతి నెలా మీకు తాళం తీసి, వచ్చిన ప్రతి చీటీకి కింద జవాబు రాసి, మీ పక్కనే అంటించాలి, "కుదరదు" అన్నది కూడా జవాబే, కారణం రాస్తే చాలు. రెండు, తాళంచెవి తన గురించి ఫిర్యాదు వస్తే నొక్కేసే మనిషి దగ్గర ఉండకూడదు. మూడోది మీకు నచ్చదు. టొయోటా కార్ల ఫ్యాక్టరీలో లైన్ పక్కన ఒక తాడు ఉంటుంది (ఈమధ్య కొన్నిచోట్ల దాని బదులు బటన్ వచ్చింది), తప్పు కనిపిస్తే ఏ కార్మికుడైనా లాగొచ్చు, లాగగానే పై మనిషి అక్కడికొస్తాడు, తేలకపోతే లైన్ మొత్తం ఆగుతుంది. 1951 నుంచి వాళ్ళకు సలహాల పథకం కూడా ఉంది, తాడుకు తోడుగా. మీ పక్కన అలాంటి తాడు ఒకటి కట్టించమని అడగబోతున్నాను. అది కడితే మీకు పని తగ్గుతుంది, నొచ్చుకోవద్దు.

ఈ ఉత్తరాన్ని మీలోనే వేద్దామని వచ్చాను, సందులో పట్టలేదు. అందుకే బహిరంగ లేఖ.

ఇట్లు,
విభాగం, వయసు, చేరిన సంవత్సరం రాయడానికి ఒప్పుకోని ఒకరు