పొలిమేర దాటనివ్వని దయ్యానికి ఒక ఉత్తరం

డీవీడీ రీజియన్ కోడ్ గారికి,

నమస్కారం. మీరు కులాసాగానే ఉన్నారనుకుంటాను. డీవీడీల కాలం పోయింది కాబట్టి మీరూ పోయారని కొందరు అంటున్నారు. నేను నమ్మను. దయ్యాలకి చావేమిటి?

నేను మీకు గుర్తుండకపోవచ్చు. ఒక ప్రాంతంలో అమ్మిన డిస్క్ ఇంకో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకుండా ఆపే అంకె కదా మీరు. మాది విజయవాడ, మీ లెక్కలో రీజియన్ 5. మన పరిచయమై పదేళ్లు దాటింది. ఆ వేసవిలో మా పెద్దమ్మగారి అబ్బాయి న్యూజెర్సీ నుంచి వచ్చాడు. సూట్‌కేసులో అందరికీ చాక్లెట్లు, బాదంపప్పు. నాకు మాత్రం నేను బతిమాలి తెప్పించుకున్న డీవీడీలు: 'ఘోస్ట్ స్వీపర్ మికామి'. దయ్యాలు వదిలించే వాళ్ల మీద జపాన్ వాళ్లు తీసిన హాస్య యానిమే, అంటే కార్టూన్ సీరియల్. డిస్క్ పెట్టాను. ప్లేయర్ కాసేపు గరగరమంది. నల్లటి తెర మీద ఒక్క ముక్క వచ్చింది, రీజియన్ తప్పు అని.

పక్కనే నాన్నమ్మ ఉంది. "ఏం రాసిందిరా అక్కడ?" అంది.

"ఈ ఊళ్లో ఆడనంటోంది నాన్నమ్మా."

"మడి కట్టుకుందేమోలే" అంది.

మీ గురించి ఇంత సరైన మాట ఆ తరవాత నేనెక్కడా చదవలేదు.

మీరు ఎవరిని ఆపారో మీకు తెలుసో లేదో. తకాషి షీనా 1991లో ఒక వారపత్రికలో మొదలుపెట్టిన బొమ్మల కథ అది. తోయెయ్ స్టూడియో వాళ్లు యానిమేషన్ తీస్తే 1993 ఏప్రిల్ నుంచి మరుసటేడు మార్చి దాకా, 45 ఎపిసోడ్లు, జపాన్‌లో ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి టీవీలో వచ్చింది. పొద్దున్న ఎనిమిదిన్నరకి దయ్యాలేమిటని అడక్కండి. అవి ఆ వేళకి వచ్చే రకం దయ్యాలే. టోక్యోలో భూముల ధరలు ఆకాశానికెక్కాయి, మనుషులకే చోటు లేదు, ఇక దయ్యాలెక్కడ ఉంటాయి? కట్టిన ప్రతి బిల్డింగులోనూ ఏదో ఒకటి కాపురం పెడుతుంది. దాన్ని ఖాళీ చేయించడానికి లైసెన్సున్న భూతవైద్యులు, వాళ్లలో ఖరీదైనది మికామి రేకో. ఫీజు కోట్ల యెన్లలో. దయ్యానికి భయపడదు గానీ ఇన్‌కమ్‌టాక్స్ అంటే ఒణుకు. అసిస్టెంటు యోకోషిమాకి గంటకి ఇచ్చేది 250 యెన్లకి అటూ ఇటూ. ఒకినూ అనే దయ్యం పిల్లకయితే రోజుకి 30 యెన్లు, చచ్చినవాళ్లకి తిండి ఖర్చేముంటుందని. మికామి గురువు కరాసు ఫాదర్ పేదల దగ్గర పైసా పుచ్చుకోడు, అందుకని ఆకలికి కళ్లు తిరిగి పడిపోతుంటాడు. వెయ్యేళ్లు బతికిన డాక్టర్ కేయాస్ అనే మహా రసవాది ఉన్నాడు, ఆయనకి అద్దె కట్టడమే రాదు. ఇల్లుగలావిడ కత్తి పట్టుకుని తరుముతుంది. చెప్పండి, ఇది మనకి అర్థం కాని కథా? ఇందులో విజయవాడకి పనికిరానిదేముంది?

అసలు సంగతికొస్తాను. జపాన్ వాళ్ల దగ్గర దయ్యాలకి రకాలున్నాయి. వాటిలో ఒకటి జిబాకురేయి, అంటే నేలకి కట్టుబడిపోయిన ఆత్మ. చచ్చిన చోటు వదిలి అడుగు కదపలేదు. పైన చెప్పిన ఒకినూ కూడా అలాంటిదే, మూడు వందల ఏళ్ల కిందట కొండకి బలి ఇచ్చిన పిల్ల. తన బదులు ఎవరైనా చచ్చి అక్కడ ఉంటే తను వెళ్లిపోవచ్చని పాపం యోకోషిమా మీదకి బండరాళ్లు దొర్లిస్తుంది, అదీ సారీ చెబుతూ. చివరికి మికామి, కొండెక్కుతూ చచ్చిపోయిన ఇంకో కుర్రాడి ఆత్మని ఆ కొండకి కాపలా పెట్టి ఈ పిల్ల కట్లు తెంపేస్తుంది. కథ మొదట్లోనే అయిపోతుందీ పని. మూడు వందల ఏళ్ల కట్టుని తెంపిన మనిషి, డీవీడీ డబ్బా వెనక గ్లోబు బొమ్మ మీద ఉన్న 1 అనే రీజియన్ అంకెని దాటి మా ఇంటి టీవీలోకి రాలేకపోయింది. మీ శక్తికి దణ్ణం.

మా వైపు అష్టదిగ్బంధనం అంటారు. మంత్రగాడు ఎనిమిది దిక్కులూ కట్టేస్తాడు, లోపలున్నది బయటికి పోదు, బయటున్నది లోపలికి రాదు. మీ పెద్దలు కూడా ప్రపంచాన్ని సరిగ్గా ఎనిమిదిగా కోశారని తెలిసి ఆశ్చర్యపోయాను. అమెరికా, కెనడా 1. జపాన్, యూరప్ 2. చైనాకి సొంతంగా 6. విమానాలకి, ఓడలకి 8. ఏడు ఎవరికీ ఇవ్వకుండా అట్టే పెట్టారు, పరలోకానికేమో. మమ్మల్ని 5లో వేశారు. మాతోపాటు పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, రష్యా, మంగోలియా, ఉత్తర కొరియా, ఇంకా ఆఫ్రికాలో చాలా భాగం. భారత్‌నీ పాకిస్తాన్‌నీ ఒక బెంచీ మీద కూర్చోబెట్టడం ఐక్యరాజ్యసమితి వల్ల కాలేదు, మీ వల్ల అయింది. శాంతి బహుమతి ఎవరికో ఇస్తుంటారు ఏటా.

ఇంకో తమాషా. మికామి పుట్టింది జపాన్‌లో, అంటే 2. నా చేతిలో ఉన్నది అమెరికాలో అచ్చయిన డిస్క్, అంటే 1. కాబట్టి ఈ డిస్క్ టోక్యోలో మామూలు ప్లేయర్‌లో పెట్టినా ఆడదు. పిల్ల పుట్టింటికి వస్తే పొలిమేర దగ్గరే వెనక్కి పంపేశారు. (మీకు ముందున్న వీడియో టేపులే నయం. జపాన్‌దీ అమెరికాదీ ఒకటే టీవీ పద్ధతి, ఎన్‌టీఎస్‌సీ, జపాన్ టేపు అమెరికాలోనూ అమెరికాది జపాన్‌లోనూ ఆడేది. మాది పాల్ అనే వేరే పద్ధతి కాబట్టి అప్పుడూ వీధరుగు మీదే ఉన్నాం అనుకోండి.)

ప్లేయర్ కాదంది, లాప్‌టాప్ ఉంది కదా అనుకున్నాను. అక్కడ మీరు ఇంకా మర్యాదగా కనిపించారు. "రీజియన్ మార్చుకోవచ్చు. ఇంకా నాలుగు సార్లే." మొత్తం ఐదు, కొన్నప్పుడే ఒకటి ఖర్చయింది. నాకు టెన్షన్ మొదలైంది. 1కి మార్చాను. రెండు రోజులు మికామి. తమ్ముడు ఇక్కడ కొన్న ఇంగ్లీషు సినిమా డిస్క్ తెచ్చి 5కి మార్చాడు. నేను మళ్లీ 1. ఇక ఒక్కటే ఉంది, ముట్టుకుంటే చంపేస్తానని చెప్పి పరీక్షకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి వాడు ఆ ఒక్కటీ కార్ల రేసుల సినిమాకి వాడేశాడు. అదీ సగం చూసి నిద్రపోయాడు. విండోస్ తీసేసి మళ్లీ వేయించాను, లాభం లేదు. లెక్క డ్రైవు లోపలే రాసుకున్నారట మీరు. చిత్రగుప్తుడైనా పుష్కరాల్లో మునిగితే కాస్త చూసీచూడనట్టు పోతాడంటారు.

ఇదంతా ఎందుకంటే, అప్పట్లో సినిమా అమెరికాలో ముందు రిలీజయ్యేది, మిగతా దేశాల్లో నెలల తరవాత. ఈలోపు డిస్కులు వెళ్లిపోతే థియేటర్లు నష్టపోతాయి, అందుకు మీరు. ఒప్పుకున్నాను. కానీ 1993లో టీవీలో వచ్చేసిన సీరియల్ వల్ల విజయవాడలో ఏ థియేటర్ దివాలా తీస్తుంది? రెండో కారణం ధరలు. జపాన్‌లో రెండు మూడు ఎపిసోడ్ల డిస్క్ వేల యెన్లు, అమెరికాలో అదే సరుకు డబ్బాకి డబ్బా చవక. ఆ చవక సరుకు తిరిగి టోక్యో చేరితే అక్కడి బేరం పోతుందని భయం. అదీ ఒప్పుకున్నాను. వాళ్లిద్దరి తగాదాలో మేమెక్కడున్నాం? అది మా ఊళ్లో అప్పుడు ఎవరూ అమ్మలేదు. ఒక్క షాపులో కూడా లేదు. లేని దుకాణానికి మీరు రాత్రింబవళ్లు కాపలా. అమ్మా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు అని మావాళ్లు అన్నది మిమ్మల్ని చూసే అయ్యుంటుంది. మా తెలుగు సినిమా డీవీడీలు చాలావాటి మీద అన్ని రీజియన్లూ అని ఉండేది. మావాళ్లు న్యూజెర్సీలో ఉంటే డిస్క్ న్యూజెర్సీ వెళ్లింది, అంతే.

చివరికి బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక రిపేరు షాపు. కంపెనీ పేరు కూడా సరిగ్గా లేని ప్లేయర్లు గుట్టగా పేర్చి ఉన్నాయి. సంగతి చెప్పాను. ఆయన మారుమాట లేకుండా ఒకటి తీసి ప్లగ్ పెట్టాడు, ట్రే బయటికి లాగాడు, రిమోట్ మీద గబగబా నాలుగు అంకెలు నొక్కాడు. తెర మీద ఏ పుస్తకంలోనూ లేని మెనూ ఒకటి లేచింది. 5 తీసి 0 పెట్టాడు. నిమిషం పట్టలేదు. మీరు కెవ్వుమన్న చప్పుడు కూడా వినపడలేదు.

"అయిపోయిందా అన్నా?"

"అయిపోయింది. ఇంక ఏ దేశందైనా ఆడుద్ది. ఎయ్యి చూద్దాం."

మికామి వచ్చింది. ఆయన పనాపి రెండు నిమిషాలు చూశాడు. "ఈవిడ ఏం చేస్తది?" అన్నాడు. దయ్యాల్ని వదిలిస్తుంది, కోట్లు తీసుకుంటుంది అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ప్లేయర్ ధరకి పైన యాభై రూపాయలు అడిగాడు.

బ్లూరే వచ్చాక మీరు మళ్లీ పుట్టారు, ఈసారి ఏ, బీ, సీ అని. జపాన్‌నీ అమెరికానీ ఒకే అక్షరంలో కలిపారు, బాగుంది, తల్లీ కూతుళ్లు కలిశారు. మమ్మల్ని సీలో ఉంచారు. ఇప్పుడు డిస్కే లేదు, అయినా ఫోన్‌లో ఏదో ఒకటి వెతకగానే "మీ ప్రాంతంలో అందుబాటులో లేదు" అని మీ గొంతే వినిపిస్తుంది. ఈ జన్మలో మీకు ట్రే కూడా లేదు, లాగి రిమోట్ నొక్కడానికి. షాపాయన్ని అడిగితే నవ్వి, ఫోన్ల పని మా అబ్బాయి చూస్తాడన్నాడు.

ఆ ప్లేయర్ ఇంకా పనిచేస్తోంది. రిమోట్ వెనక ఆయన తెల్ల టేపు ముక్క అతికించి, ఆ నాలుగు అంకెలూ పెన్నుతో రాసిచ్చాడు, మళ్లీ మీరు వస్తే పనికొస్తాయని. మికామి దయ్యాల మీదకి విసిరే మంత్రం కాగితాలు కూడా దాదాపు అంతే ఉంటాయి, కాకపోతే ఆవిడవి లక్షలు చేస్తాయి. మూడో అంకె చెరిగిపోతోంది. ఒకటో ఏడో తెలియడం లేదు. మొన్న దసరాకి దుమ్ము దులుపుతూ ఏడు అని దిద్దాను.

ఇట్లు,
రీజియన్ 5లో ఒకడు