పువ్వు చాలదూ, గింజ దేనికి?

పంటలకు బుద్ధి ఉండదని రైతులు తిట్టుకుంటూ ఉంటారు. బక్‌వీట్‌ని చూస్తే ఆ మాట అనరు. విత్తిన నెల తిరిగేసరికి పూత మొదలెడుతుంది. నడుము దాకా పెరిగి, ఫొటోలో మనిషి మొహానికి అడ్డం రాకుండా ఆగిపోతుంది. పూలు తెల్లగా ఉంటాయి కాబట్టి ఏ రంగు చీరకైనా నప్పుతాయి. మిగతావాటికి ఈ ఇంగితం ఏదీ? వరి పూసిందో లేదో వంగి చూస్తే గానీ తెలియదు. జొన్న మనిషిని మింగేసేంత ఎత్తు ఎదుగుతుంది. వేరుశనగ అయితే సరుకంతా మట్టిలో దాచేసుకుంటుంది. పర్యాటకుడి కష్టం ఎరిగిన పంట ఏదైనా ఉంటే అది బక్‌వీటే. దానికీ ఒక లోపం ఉంది. పూసి ఊరుకోదు, గింజ కడుతుంది. ఆ అలవాటు మాన్పించే మార్గాలు పెద్దల ముందు పెట్టడమే ఈ వ్యాసం పని.

నవరాత్రి ఉపవాసాల్లో ఉత్తరాదివాళ్లు కుట్టు పిండి అని పూరీలు వేయించుకునేది దీని గింజల పిండితోనే. మన వంటిళ్లలో దీనికి చోటు లేదు. అంచేత దీనిమీద మనకు జిహ్వచాపల్యం గానీ, ఆకలి తాలూకు జ్ఞాపకాలు గానీ ఏమీ లేవు. ఇంత నిష్పక్షపాతంగా తీర్పు చెప్పగలిగిన జాతి మరొకటి దొరకదు.

దక్షిణ కొరియాలో, గాంగ్‌వోన్ రాష్ట్రంలో, ప్యోంగ్‌చాంగ్ జిల్లాలో బొంగ్‌ప్యోంగ్ అని ఒక కొండ ఊరు. 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో స్నోబోర్డు పోటీలు చాలామటుకు జరిగిన వాలులు ఈ ఊరి పరిధిలోనివే. ఫిబ్రవరిలో మంచుతో తెలుపు, సెప్టెంబరులో పూలతో తెలుపు. మిగతా నెలల్లో ఊరు ఏ రంగులో ఉంటుందో పైవాళ్లకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. సముద్రమట్టానికి 700 మీటర్ల ఎత్తు మనిషి సుఖానికి సరిగ్గా సరిపోయే ఎత్తని ఆ జిల్లావాళ్లు 'హ్యాపీ 700' అనే నినాదం కూడా పెట్టుకున్నారు. బెజవాడలో పుట్టినవాళ్లు ఇన్నాళ్లూ ఎంత దిగువన బతికేశారో తలచుకుంటే బాధేస్తుంది. మా మేనల్లుడు సియోల్ దగ్గర సువోన్‌లో ఉద్యోగం వెలగబెడుతున్నాడు కాబట్టి ఆ ఎత్తు నాకూ అందింది.

ఈ ఊరికి పేరు పొలాల వల్ల వచ్చిందనుకుంటే పొరపాటు. కథ వల్ల వచ్చింది. లీ హ్యోసోక్ అనే రచయిత 1936లో 'బక్‌వీట్ పూలు పూసే వేళ' అని ఒక కథ అచ్చువేయించాడు. అక్కడి బడిపిల్లలకు అది పాఠం. సంతలు తిరిగి బట్టలమ్ముకునే ఒక నడివయసు మనిషి, అతని గాడిద, పున్నమి దాటిన వెన్నెల, ఆ వెన్నెల్లో ఉప్పు చల్లినట్టు కనపడే పూలచేలు. ఎప్పుడో ఒక రాత్రి పిండిమరలో తారసపడి మళ్లీ జన్మలో కనపడని అమ్మాయి. చివర్న ఎడమచేతి వాటం మీద ఒక మెలిక ఉంది, అది చెప్పేస్తే చదవబోయేవాళ్లు నన్ను తిట్టుకుంటారు.

నాకు నచ్చిందల్లా ఒకటే. ఆ రాత్రి పూల మధ్య నడిచిపోయేవాళ్లలో ఆ చేను దున్నినవాడు ఒక్కడూ లేడు. అందరూ దారినపోయేవాళ్లే. తెల్లారేసరికి ఇంకో సంతకు చేరాలి. పూలు చూసి ఊపిరాడనంత మురిసిపోతారు, పొద్దు పొడిచేసరికి ఊళ్లో ఉండరు. ఆ సంప్రదాయాన్ని తు.చ. తప్పకుండా నిలబెడుతున్నది ఇవాళ మనమే. గాడిద బదులు హైస్పీడు రైలు, అంతే తేడా.

రచయిత సంగతి కూడా చెప్పుకోవాలి. 1907లో ఇక్కడే పుట్టాడు. చదువు పేరుతో చిన్నప్పుడే ఊరు దాటాడు. ఇంగ్లీషు సాహిత్యం చదివాడు. కాఫీ అంటే పడిచస్తాడు. పెరట్లో ఎండుటాకులు తగలబెడుతుంటే ఆ పొగలో అప్పుడే వేయించిన కాఫీ గింజల వాసన పసిగట్టి వ్యాసం రాసిన రసికుడు. 1942లో, ముప్పై అయిదేళ్లకే పోయాడు. ఊళ్లోనే ఉండిపోతే కలుపు తీసేవాడు గానీ కథ రాసేవాడు కాదు. కాబట్టి ఊరికి పేరు రావాలంటే చదువుకున్నవాళ్లు ముందు ఊరు ఖాళీ చెయ్యాలి. ఆ మేరకు మన పల్లెలు చాలా ఏళ్లుగా సరైన దారిలోనే నడుస్తున్నాయి.

కథ దొరికాక బొంగ్‌ప్యోంగ్ చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1999లో రచయిత పేరిట పూల పండగ మొదలైంది, 2002లో మ్యూజియం వెలిసింది. ఆయన పుట్టిల్లు మళ్లీ కట్టారు. కథలోని పిండిమర మళ్లీ కట్టారు. 'వెన్నెల కొండ' అని ఒక పార్కు వేసి అందులో గాడిద ఆకారంలో ఒక కట్టడం లేపారు. దాని లోపలికి ఎక్కి చేలు చూడొచ్చు. అన్నిటికంటే మెచ్చుకోవలసింది అక్కడి చంద్రుడు. ఆకాశంలో ఉన్నవాడితో ఎప్పుడూ పేచీయే కదా, శనివారం జనం వస్తారు, ఆయన మబ్బు చాటుకు పోతాడు. అందుకని గుండ్రంగా సొంత చంద్రుణ్ణి చేయించి నేలమీద నిలబెట్టారు. ఈయనకు గ్రహణం లేదు, అమావాస్య లేదు. పక్కన నిలబడి ఫొటో దిగడమే తరువాయి.

ఇల్లు, మర, గాడిద, చంద్రుడు అన్నీ మనిషి చేతికి లొంగాయి. లొంగనిది మొక్క ఒక్కటే.

దగ్గరికి వెళ్లి చూశాను. కాడ ఎర్రగా, లేతగా ఉంటుంది, లోపల గుల్ల. వేళ్ల మధ్య కాస్త నొక్కితే చాలు, పుటుక్కున వంగి ఇక లేవదు. పొలం అంచున తాడు కట్టి ఉంది గానీ తాడు దాటి లోపలికి, మనిషి వెడల్పున, ఆ వంగిపోయిన కాడలతో ఒక బాట పడింది. బాట చివర నాలుగు గజాల గుండ్రటి చదును. అక్కడ నిలబడితే చుట్టూ పూలు తప్ప ఏమీ కనపడవు. ఇంత ప్రశాంతమైన ఏకాంతం కోసం నా వెనకాల పదిమంది వరసలో ఉన్నారు. ముందున్న జంటలో ఆ అబ్బాయి గొంతుక్కూర్చుని కెమెరా పట్టుకుంటే, అమ్మాయి పూలు వాసన చూస్తున్నట్టు మొహం పెట్టింది. చూస్తున్నట్టే. చూడలేదు.

ఎందుకంటే బక్‌వీట్ పూల వాసన మల్లెల్లా ఉండదు. "మావయ్యా, ఇక్కడెక్కడో పశువుల పాక ఉన్నట్టుంది," అన్నాడు మేనల్లుడు అటూ ఇటూ చూస్తూ. పాకా లేదు, పెంటకుప్పా లేదు. వాసన ఆ పూలదే. ఈగలూ తేనెటీగలూ దానికే పడి వస్తాయి. ఫొటోలో వాసన పడదు కాబట్టి దీన్ని పెద్ద లోపంగా నేను లెక్కవెయ్యను.

అసలు దారుణం పూలగుత్తి కింద చూశాను. పైన విచ్చుకున్న తెల్లటి పూలు, వాటి కింద మూడు పలకల పచ్చి గింజలు, ఇంకా కిందికి వెళ్తే అప్పుడే నల్లబడుతున్న గింజలు. ఒకే మొక్క మీద, ఒకే సమయంలో! ఒక పక్క మనకు పోజిస్తూనే ఇంకో పక్క గుట్టుగా గింజ కట్టుకుంటోంది. ఒక్కో పువ్వు నిలిచేది ఒక్క రోజు. రోజూ కొత్తవి విచ్చుకుంటాయి కాబట్టి చేను వారాల తరబడి తెల్లగానే ఉంటుంది, కిందేం జరుగుతోందో ఎవరికీ పట్టదు.

దీనికి మందు లేకపోలేదు. ఈ మొక్క తన పుప్పొడితో తాను గింజ కట్టలేదు. పువ్వు మధ్య పుప్పొడి అందుకునే కీలం పొడుగ్గా ఉన్న మొక్కలని ఒక రకం, పొట్టిగా ఉన్నవని ఇంకో రకం, ఒకదాని పుప్పొడి రెండోదానికి చేరితేనే పని జరుగుతుంది. చేరవేసేది తేనెటీగలు. పర్యాటకుల దగ్గర టికెట్టు తీసుకుంటున్నారు, తేనెటీగల దగ్గర ఎందుకు తీసుకోవడం లేదన్నదే నా ప్రశ్న. రానివ్వకపోతే పువ్వు పువ్వుగానే రాలిపోతుంది, ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు.

ఈ మాట అంటే కొందరికి నవ్వులాట. కానీ కొరియా ప్రభుత్వం ఇప్పటికే సగం దారి నడిచేసింది. పొలం చూడ్డానికి అందంగా ఉండే పంటలు వేసినందుకు రైతుకు విస్తీర్ణం లెక్కన డబ్బిచ్చే పథకం 2005లోనే తెచ్చింది. ఆ పంటల్లో బక్‌వీట్ కూడా ఉంది. తిండికి ధర కట్టడం పాత పద్ధతి. చూపుకు ధర కట్టడం నాగరికత. మన దగ్గర కనీస మద్దతు ధర కోసం రైతులు ఏటా రోడ్డెక్కుతారు. కనీస మద్దతు సొగసు అని ఒకటుంటుందని ఎవరైనా వాళ్లకు చెప్పారా? ధాన్యంలో తేమ శాతం చూసే అధికారే పొలానికొచ్చి సెల్ఫీ శాతం చూసి చెక్కు రాసిచ్చేస్తే బస్తాలు మొయ్యక్కర్లేదు, లారీ కోసం పడిగాపులు కాయక్కర్లేదు.

ఆకలేసింది. పొలాలు చూసినవాళ్లకు ఎందుకో ఆకలేస్తుంది. అక్కడ మక్‌గుక్సు అని బక్‌వీట్ నూడుల్సు పెడతారు, చల్లటి పులుసులో, కారం ముద్దతో. ఈ పిండికి గోధుమకున్న సాగుడు గుణం లేదు. ఫొటో కోసం చాప్‌స్టిక్కులతో పైకెత్తి పట్టుకుంటే మధ్యలో తెగి గిన్నెలో పడి చొక్కామీద చిమ్ముతుంది. గింజకు పర్యాటక స్పృహ లేదనడానికి ఇంకో రుజువు. కొట్టావిడను మేనల్లుడు వాళ్ల పద్ధతిలో పిన్నీ అని పిలిచి, ఈ పిండి ఎదురుగా ఉన్న చేనిదేనా అని అడిగాడు. ఆవిడ చెయ్యి ఆపకుండానే నవ్వింది. "అది చూడ్డానికి. ఇది తినడానికి," అంది.

ఇంత సూటిగా విధానం చెప్పగలిగిన మంత్రిని నేనింతవరకు చూడలేదు. కొరియాలో బక్‌వీట్ ఎక్కువగా పండేది ఇక్కడ కాదు, దక్షిణాన జేజు దీవిలో. అంటే పేరు బొంగ్‌ప్యోంగ్‌ది, గింజ జేజుది. అది చాలకపోతే చైనా నుంచి దిగుమతి ఉండనే ఉంది. జేజువాళ్లు కూడా పూలచేలకు జనాన్ని పిలుస్తున్నారు కాబట్టి, రేపు వాళ్లూ నాగరికులైపోతే గింజ పండించడానికి ఇంకా వెనకబడిన దీవి ఒకటి వెతుక్కోవాలి.

ఇక ఒక అప్రియమైన విషయం ఉంది, త్వరగా చెప్పి వదిలేస్తాను. ఈ పంటను గాంగ్‌వోన్ కొండల్లో అందం కోసం వెయ్యలేదు. అడవి నరికి కాల్చి పోడు చేసుకున్నవాళ్లు వేశారు. వానలు దగా చేసి వరి నాట్లు పడని ఏడు, మన రాయలసీమలో ఆఖరికి ఉలవలు చల్లినట్టు, అక్కడ ఇది చల్లేవారు. రెండున్నర మూడు నెలల్లో చేతికొస్తుంది, సారం లేని నేలైనా సర్దుకుపోతుంది. వెన్నెల్లో అంత తెల్లగా మెరిసిన చేలల్లో ఎన్ని ఆ ఏటి వరి పోగా వేసినవో కథలో లేదు. ఉండకపోవడమే మంచిది. ఫొటో కింద రాసుకోవడానికి అది పనికొచ్చే వాక్యం కాదు.

సెప్టెంబరు పోయాక తాళ్లు విప్పేస్తారు. ఆకులు పండి, కాడలు ఇంకా ఎర్రబడి, గింజ నల్లబడ్డాక కోత. గింజలన్నీ ఒక్కసారి పండవు, పండినవి నిలవకుండా రాలతాయి, ఆగితే నష్టం, ఆగకపోతే నష్టం. మంచు ముంచుకొచ్చేలోగా తేల్చుకోవాలి. ఇంత నాటకీయత ఉన్న ఘట్టానికి పండగ పెట్టకపోవడం ఏమిటని మేనల్లుడు అడిగాడు. వాడు చిన్నవాడు. గోధుమరంగులో ఫొటోలు బాగా రావు.

మన దగ్గర ఈ ప్రగతికి అన్ని విధాలా తగిన చోటు అరకు. చలికాలం మొదట్లో అక్కడ వలిసెలు పసుపుపచ్చగా పూస్తాయి. కార్లు రోడ్డు వారన ఆగుతాయి, చీరలు చేలోకి దిగుతాయి. గిరిజన రైతులు కొందరు గట్టుమీద తాడు కట్టి మనిషికింత అని తీసుకోవడం కూడా నేర్చుకున్నారు. నూనె గింజ అమ్మితే వచ్చేదానికీ, తొక్కించుకుంటే వచ్చేదానికీ తేడా లెక్కలు వేసుకుంటున్నారంటే సగం గెలిచినట్టే. తాడుంది, పువ్వుంది, రైలుంది. నేలమీద నిలబెట్టే చంద్రుణ్ణి టెండరు పిలిచి తెప్పించుకోవచ్చు. లేనిదల్లా కథ.

కనుక పర్యాటక శాఖవారు వెంటనే ఒక రచయిత పోస్టు మంజూరు చెయ్యాలని మనవి. అభ్యర్థి అరకులో పుట్టి ఉండాలి. చిన్నప్పుడే ఊరు వదిలిపోయి ఉండాలి. కలుపు తీసిన అనుభవం ఉన్నట్టు తేలితే దరఖాస్తు తిరస్కరిస్తారు. కాఫీ అంటే ప్రాణం పెట్టేవారికి ప్రాధాన్యం, ఆ సరుకు విషయంలో అరకుకు లోటు లేదు. కథలో వెన్నెల తప్పనిసరి. వలిసె నూనె ధర గురించి ఎక్కడా రాయకూడదు.