కార్డు పైమూల గారికి, పదికి మూడొచ్చిన సందర్భంగా

గౌరవనీయులైన కుడివైపు పైమూల గారికి,

నమస్కారం. మొత్తానికి క్షేమంగా ఇల్లు చేరారు, సంతోషం. మీరున్న బేస్‌బాల్ కార్డుని పదికి ఇన్ని అని మార్కులు (గ్రేడు) వేసే కంపెనీకి పంపి, మీకోసం నాలుగు నెలలు ఎదురుచూశాను. సంతకం పెట్టి తీసుకోవాలన్నారని ఇవాళ ఆఫీసుకి సెలవు పెట్టి, పొద్దున్న తొమ్మిది నుంచి తలుపు దగ్గరే కూర్చున్నాను. స్నానానికి కూడా లేవలేదు. నాలుగింటికి ఒక కుర్రాడొచ్చి, సంతకం ఊసే ఎత్తకుండా ప్యాకెట్ మెట్ల మీద పడేసి పోయాడు. సరే, అతనికి వేరే ఉత్తరం రాస్తాను.

విప్పి చూశాను. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో, 1959లో టాప్స్ అనే కార్డుల కంపెనీ వారు వేసిన 514వ నంబరు, గులాబీ రంగు బాబ్ గిబ్సన్, అమెరికా బేస్‌బాల్‌లో పేరుమోసిన పిచర్ (మన బౌలర్ లాగా బంతి విసిరేవాడు). పైన చీటీ మీద 3. పక్కనే ‘వెరీ గుడ్’ అని. మాకు నూటికి 35 వస్తే గానీ పాసు కాదు. పదికి మూడొస్తే మా లెక్కల మాస్టారు వెరీ గుడ్ అనలేదు, రేపు మీ నాన్నని తీసుకురా అన్నారు.

ఎందుకు తగ్గిందో చీటీ మీద రాయరు. భూతద్దం పెడితే రాయక్కర్లేదని తెలిసింది. తక్కిన మూడు మూలలూ కాస్త మెత్తబడ్డాయంతే. తమరు మాత్రం పూర్తిగా గుండ్రమైపోయి, అట్ట పొరలు విడి, దూదిపింజలా లేచి కూర్చున్నారు. మంచి గ్రేడు వస్తే పెట్టిన డబ్బు వడ్డీతో తిరిగొస్తుందని మా ఆవిడకి నచ్చజెప్పి కొన్న కార్డు ఇది. ఈ మూడు ఏ మూలకి సరిపోతుందండీ? మీ పేరు వాడుకున్నందుకు మన్నించాలి.

గ్రేడు వేసేవాళ్ళు చూసేది మూలలు, అంచులు, బొమ్మ సరిగ్గా నడిమధ్య ఉందా, పైన గీతలున్నాయా. బొమ్మలో ఉన్నది ఎవరన్నది వాళ్ళ లెక్కలో లేదు. నా దగ్గర అదే ఏడాది లూ బర్డెట్ కార్డుంది. ఆయన కుడిచేతి పిచర్. ఫొటో రోజున సరదాకి ఎడమచేతివాటం వాడిలా పోజిచ్చాడు, ఎవరూ గమనించకుండా అచ్చేసేశారు. మూలలు పదునుగా ఉన్నాయి కాబట్టి దానికి 7 వచ్చింది. చెయ్యి తప్పైనా పరవాలేదట!

ఇంతకీ మీరు ఎవరి నెత్తిన కూర్చున్నారో తమరికి తెలుసా? 1967 జూలైలో ఎదుటి జట్టు బ్యాటర్ క్లెమెంటే కొట్టిన బంతి నేరుగా వచ్చి ఈ గిబ్సన్ కుడికాలికి తగిలింది. ఎముక చిట్లింది. ఈయన లేచి నిలబడి ఇంకో ముగ్గురికి బంతులు వేశాడు. మూడోవాడి దగ్గర ఎముక పూర్తిగా విరిగి కూలిపోయాడు. దవడకి కట్టుతో బౌలింగ్ చేసిన కుంబ్లేని టీవీలో చూసి కళ్ళు తుడుచుకున్నవాణ్ణి నేను. ఈ కథ మా ఆఫీసు పెద్దాయన, గిబ్సన్ ఆడిన సెయింట్ లూయిస్ ఊరి మనిషి, మొదటిసారి చెప్పిన రోజు లంచ్ బాక్స్ మూత తియ్యడం మర్చిపోయాను. గిబ్సన్ సెప్టెంబరుకల్లా తిరిగొచ్చాడు. అక్టోబరులో, ఆ ఏటి విజేతని తేల్చే వరల్డ్ సిరీస్‌లో మూడు మ్యాచ్‌లు మొదటి నుంచి చివరి దాకా తానొక్కడే వేసి, మూడూ గెలిపించాడు. మరుసటేడు తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కి, సగటున ఇచ్చింది 1.12 పరుగులు. ఆ ఏడాది పిచర్ల ధాటికి తట్టుకోలేక 1969లో వాళ్ళు నిలబడే దిబ్బనే 15 అంగుళాల నుంచి 10కి దించేశారు. అందులో ఈయన వాటా పెద్దదే.

ఆయన విరిగిన కాలి మీద నిలబడ్డాడు. నువ్వేం చేశావు? ఎవడి జేబులోనో నాలుగు రోజులుండి అరిగిపోయావు! నీ మీద ఏ బంతీ పడలేదు. నిన్నెవడూ సైకిల్ చువ్వలకి కట్టి తిప్పలేదు. అట్టముక్కవి, అందులోనూ ఆవగింజంత. నీవల్ల గిబ్సన్‌కి మూడు మార్కులా?

క్షమించాలి, కోపంలో నోరు జారింది. పదునైన మూలల సంగతీ నాకు తెలుసు. 1952 కార్డులు అమ్ముడుపోక టాప్స్ వాళ్ళు పెట్టెలకి పెట్టెలు అట్లాంటిక్‌లో పారబోశారు. ఆ సముద్రం న్యూజెర్సీలోని మా ఎడిసన్‌కి గంట దూరం. చెయ్యి తగలని మూలలతో మిగిలిన ఒక 1952 కార్డు, మికీ మాంటిల్ అనే పెద్ద ఆటగాడిది, 2022లో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. ఎవడూ ఆడుకోని కార్డుకి ఆ రేటు.

మీరే ఎందుకు ఇంతలా అరిగారా అని ఆలోచించాను. కార్డు పట్టుకుంటే నా బొటనవేలు సరిగ్గా మీ మీదే పడింది. 1959లో గిబ్సన్ ఊరూ పేరూ లేని కొత్త కుర్రాడు. ఆ ఏడాది గెలిచిన మ్యాచ్‌లు మూడు, ఓడినవి ఐదు. అయినా ఎవరో పిల్లాడు ఈ కార్డునే పట్టుకుని జేబులోంచి అన్నిసార్లు బయటికి తీశాడు. వాడికి ఏం కనిపించిందో మరి. నేనూ ఆ వయసులో గుంటూరులో అగ్గిపెట్టె బొమ్మలు అట్లాగే అరగదీశాను.

పెట్టెలో ఉంటే వెనకవైపు అక్షరాలు మెరుపు కొట్టి చదవబుద్ధి కావడం లేదు. అందుకని వంటింట్లోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి ఇప్పుడే పెట్టె పగలగొట్టాను. మా ఆవిడకి చప్పుడు వినిపించింది, ఏమిటని అడిగింది, ఏం లేదన్నాను.

అయ్యో. సారీ అండీ. చెయ్యి జారి ఇంకో పొర లేచింది.

ఇట్లు,
తమ పక్కనే బొటనవేలు ఆనించి కూర్చున్న
ఒక గిబ్సన్ అభిమాని